లెక్కకు రాని పిట్టలు

స్టేషన్ వెనక ఇల్లు,
సెప్టెంబరు 4

చెల్లాయికి,

క్షేమంగా చేరాం. సామాను లారీ మా కంటే ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. కుట్టుమిషను చక్రం కొంచెం వంగింది. మిగతావన్నీ భద్రంగా ఉన్నాయి. మీ బావగారు నిన్ననే డ్యూటీలో చేరిపోయారు. సిగ్నళ్ళ మెకానిక్కుకి ఏ ఊరైతేనేం, పట్టాలుంటే చాలు. నాకే ఇక్కడ ఏమీ తోచడం లేదు.

ఫోన్ చెయ్యకు, చేసినా ఎత్తను. బయల్దేరే ముందు రోజు ఈ పిట్టల పని గురించి మనిద్దరం ఫోన్లో అనుకున్న మాటలు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయి. నీ గొంతు వింటే నాకు కోపం ముందొస్తుంది, మాట తరవాతొస్తుంది. ఉత్తరమైతే చించేసి మళ్ళీ రాసుకోవచ్చు. ఇది మూడో కాగితం.

ఇక పని సంగతి. వద్దు వద్దంటూనే ఒప్పుకున్నావు కాబట్టి శ్రద్ధగా చదువు. వలస పిట్టలు రాత్రంతా ఎగిరి తెల్లవారుజామున కిందికి దిగుతాయి. మన గాజు మేడలో ఇరవై రెండు అంతస్తులూ దీపాలు వెలుగుతుంటే ఎవరో పిలిచినట్టు అటే వస్తాయి. వెలుగొచ్చాక ఎదురుగా ఉన్న పార్కు చెట్లు అద్దంలో కనిపిస్తాయి. అవి నిజం చెట్లే అనుకుని వచ్చి కొట్టుకుంటాయి. అందుకని ఐదున్నరకల్లా అక్కడ ఉండు. ముందు తూర్పు వైపు, తరవాత మిగతా మూడు వైపులూ తిరుగు.

పడినదాన్ని దోసిట్లోకి తీసుకో. నేను కుట్టిన గుడ్డసంచులు పదకొండు నీ దగ్గరున్నాయి, లోపల మెత్తటి అస్తరు వేశాను. అందులో పెట్టి మూతి బిగించి, చీకటిగా, చప్పుడు లేని చోట గంటసేపు ఉంచు. నీళ్ళు పొయ్యకు, గింజలు పెట్టకు, ముద్దు చెయ్యకు. లోపల గోళ్ళ చప్పుడు వినిపించాక పార్కు అవతలి అంచుకి తీసుకెళ్ళి వదిలెయ్యి. చచ్చినదాన్ని కూడా వదలకూడదు. తారీఖు, టైము, ఏ వైపు, ఎలాంటి పిట్ట అన్నీ పుస్తకంలో రాయాలి. మన బృందాన్ని నడిపే సైన్సు మాస్టారికి ఆ లెక్క చాలా ముఖ్యం. నా ఆరేళ్ళ పుస్తకాలు ఆరూ నాతో తెచ్చుకున్నాను. కొత్తది నీకు ఇచ్చి వచ్చాను కదా, తప్పుల్లేకుండా రాయి.

నీ వల్ల అవుతుందా అని నాకు అనుమానమే. అయినా రాస్తూ ఉండు.

మీ అక్క

---

డెంటల్ క్లినిక్, మధ్యాహ్నం ఖాళీలో,
సెప్టెంబరు 13

అక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి పని కోసం, ఇంకోసారి మీరు రాయకుండా మింగేసిన తిట్ల కోసం.

వారంగా ఐదున్నరకి వెళ్తున్నాను. మీ మరిది నిద్రకళ్ళతో స్కూటర్ మీద దింపి, వెనక్కొచ్చి మళ్ళీ పడుకుంటున్నారు. మొదటి రోజు సెక్యూరిటీ ఆయన "ఎవరమ్మా, ఏం కావాలి?" అని గద్దించాడు. చూస్తే ఒక చెయ్యి దవడ మీద ఉంది, ఆ బుగ్గ వాచి ఉంది. "పిట్టల సంగతి తరవాత, ముందు మీరు మా క్లినిక్కుకి రండి" అన్నాను. సాయంత్రమే వచ్చి పన్ను పీకించుకున్నాడు. మర్నాటి నుంచి నాకు కుర్చీ వేస్తున్నాడు.

మేనేజరు గారు కూడా మర్యాదగానే ఉన్నారు. మెట్ల కింద చిన్న స్టోర్ రూము తాళం ఇచ్చి, "సంచులు ఇందులో పెట్టుకోండమ్మా, చీకటిగా ఉంటుంది, ఎవరూ రారు" అన్నారు. పొద్దున్నే ఊడ్చే ఆవిడ కూడా మంచిది, నాకు చాలా సాయం చేస్తోంది.

ఇంతవరకూ పుస్తకంలో అన్నీ సున్నాలే. ఒక్క పిట్టా చావలేదు. మీరు భయపెట్టినంత ఏం లేదక్కా.

మీ మరిది మిమ్మల్నీ బావగారినీ అడిగినట్టు చెప్పమన్నారు.

మీ చెల్లి

---

స్టేషన్ వెనక ఇల్లు,
సెప్టెంబరు 17

చెల్లాయికి,

స్టోర్ రూము తాళమా! ఆరేళ్ళు నేను ఆ మెట్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వానొస్తే గొడుగు సంచికి పట్టి నేను తడిశాను. ఆ మేనేజరు ఆరేళ్ళలో నాతో అన్నది ఒకే ఒక్క మాట: "దారికి అడ్డం లేవండి." సెక్యూరిటీ ఆయనకి నా పేరే తెలీదు, "ఆ పిట్టలామె" అనేవాడు. ఆయన పంటికి మాత్రం నువ్వొచ్చేదాకా నొప్పే రాలేదు.

సరే, అది వదిలెయ్యి. ఈ సున్నాలేంటి? సెప్టెంబరు రెండో వారంలో తూర్పు వైపు సున్నా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడే పుస్తకాలు తీసి చూశాను. పోయినేడు అదే వారం పదకొండు చచ్చాయి. అంతకు ముందేడు తొమ్మిది. నీ చేతి చలవ అనుకోమంటావా? పిట్టలు కూడా మనిషిని చూసి చస్తాయా? నా మొహం చూసి చచ్చి, నీ మొహం చూసి బతుకుతున్నాయా?

నవ్వుకో, పరవాలేదు. మన అత్తయ్య ఉన్న రోజుల్లోనూ ఇంతే. మూడేళ్ళు నేను వండితే రోజూ ఉప్పు తక్కువైందనేది. నువ్వు కాపురానికొచ్చిన నాలుగో రోజున లొట్టలు వేస్తూ తిని "చిన్నది చేస్తే ఎంత రుచిగా ఉందో" అంది. ఆ రోజు ఉప్పు వేసింది నేను. పదిహేనేళ్ళయింది, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానో నాకే తెలీదు.

ఇక్కడ ఐదింటికే మెలకువ వచ్చేస్తోంది. లేచి చేసేదేం లేదు. స్టేషన్ దాకా నడిచి వెయిటింగ్ హాలు కిటికీల కింద చూసి వస్తున్నాను. రెండు బీడీ ముక్కలు తప్ప ఏం దొరకవు.

తూర్పు వైపు పూలకుండీల వెనక కూడా వెతుకు.

అక్క

---

మన పాత వీధి,
సెప్టెంబరు 25

అక్కా,

ఒక మంచి కబురు. ఆదివారం పొద్దున పూలకుండీ వెనక ఒకటి దొరికింది. మీరు చెప్పబట్టే వెతికాను. ఆకుపచ్చ వీపు, కంటి మీద తెల్లటి గీత, నా బొటనవేలంత ఉంది. కళ్ళు మూసుకుని ముక్కు తెరిచి ఉంది. పన్ను పీకించుకునే వాళ్ళతో అన్నట్టే "ఏం కాదు, అయిపోయింది, అయిపోయింది" అన్నాను. మీ గుడ్డసంచి దానికి బరువనిపించి, క్లినిక్కులో మందులిచ్చే కాగితం సంచిలో పెట్టాను. గంటకి గోళ్ళ చప్పుడు వినిపించింది. పార్కు అవతల వదిలితే బాణంలా పోయింది. వెనక్కి కూడా చూడలేదు, దొంగమొహంది.

సరిగ్గా అప్పుడే పేపరు విలేకరి ఒకమ్మాయి పార్కులో పరుగెత్తుతోంది. ఆగి ఫొటో తీసింది. గురువారం పేపర్లో వేశారు. కత్తిరించి పంపుతున్నాను. మాస్టారు అది చూసి, "ఇన్నాళ్ళకి మన పని నలుగురికీ తెలిసింది" అని చాలా సంతోషించారు. మేనేజరు గారయితే మా యజమానులతో మాట్లాడతాను, తూర్పు అద్దాలకి చుక్కల కాగితం అంటించే సంగతి చూద్దాం అన్నారు. చుక్కలుంటే పిట్టలకి అక్కడ అద్దం ఉందని తెలుస్తుందట కదా.

మిగతా రోజులన్నీ సున్నాలే.

మీ చెల్లి

---

స్టేషన్ వెనక ఇల్లు,
సెప్టెంబరు 29

చెల్లాయికి,

పేపరు ముక్క అందింది. ఫొటోలో నువ్వు బాగా పడ్డావు. పిట్ట అంత బాగా పడలేదు.

ఫొటో కింద ఏం రాశారో నువ్వూ చదివే ఉంటావు. "వలస పిట్టల కోసం ఈ గాజు మేడ దగ్గర తొలిసారిగా నడుం కట్టిన మహిళ." మీ బావగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి నా చేతికిచ్చారు.

చుక్కల కాగితం సంగతి మంచిదే. ఆ మాట నేను నాలుగేళ్ళు అడిగాను. అర్జీల నకళ్ళు ఉన్నాయి.

నా గుడ్డసంచులు బరువైతే పదకొండూ తిప్పి పంపెయ్యి. దిండు గలీబులకి అస్తరు కావలసి వచ్చింది.

అక్క

---

డెంటల్ క్లినిక్,
అక్టోబరు 2

అక్కకి,

సంచులు విడిగా పార్సిల్ చేశాను.

ఒక ముఖ్యమైన పని పడింది, కొంచెం తొందరగా చూడండి. ఈ నెల 8న మేడ యజమానులు కలుస్తున్నారు. మాస్టారూ నేనూ వెళ్ళాలి. మేనేజరు గారు మొన్న నా పుస్తకం తిరగేసి, "ఏవమ్మా, నెల రోజుల్లో ఒక్కటీ చావకపోతే ఇక చుక్కలెందుకు, దీపాలు ఆర్పడమెందుకు?" అన్నారు. మాస్టారు మాత్రం, "ఈ ఏడు ఎందుకో తగ్గాయి, పాత పుస్తకాలు చూపిస్తే కాదనలేరు" అన్నారు. ఆరేళ్ళ లెక్క, తారీఖులతో సహా ఉన్నది మీ దగ్గరే కదా. ఆ ఆరు పుస్తకాలూ వెంటనే పంపండి. బావగారికి చెబితే రైల్లో ఎవరి చేతికైనా ఇచ్చి పంపగలరు. ఇటు స్టేషన్‌కి మీ మరిది వెళ్తారు.

ఫోన్ చెయ్యబోయి, మీరు ఎత్తరని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మీ చెల్లి

---

స్టేషన్ వెనక ఇల్లు,
అక్టోబరు 5

చెల్లాయికి,

నీ ఉత్తరం అందింది. ఏం చెప్పమంటావు, పుస్తకాలు లేవు.

మొదట చూసుకోలేదు గానీ, లారీలో ఒక పెట్టె పూర్తిగా తడిసిపోయింది. దారిలో వాన పడ్డప్పుడు పైన కప్పిన పట్టా ఒకవైపు లేచిపోయిందట. పుస్తకాలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. అట్టలు ఊడిపోయాయి, సిరా కారిపోయింది, కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఎండలో పెట్టి చూశాను, లాభం లేకపోయింది. మొన్ననే పారేశాను. నీలం అట్టది ఒకటి కొంచెం బాగానే ఉందనుకున్నాను గానీ అందులోనూ అక్షరాలు కనపడలేదు.

నీకు మాటకారితనం ఉంది. పుస్తకాలు లేకపోయినా నువ్వు ఒప్పించగలవు.

అక్క

---

మన పాత వీధి,
అక్టోబరు 11

అక్కా,

మీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది. నా కోసం కాదు. ఆరేళ్ళు చలిలో, వానలో నిలబడి రాసుకున్నవి అలా పోతే మీకెలా ఉంటుంది! కాగితాలు ఎండలో ఆరబెట్టి ఒక్కొక్కటీ విడదీస్తూ కూర్చున్న మిమ్మల్నే తలుచుకుంటున్నాను. ఆ స్థితిలో మిమ్మల్ని తొందరపెట్టాను. నన్ను క్షమించండి.

సమావేశంలో పని జరగలేదు. మాస్టారు చాలాసేపు చెప్పారు. ఒక యజమాని, "పాతవి తడిసిపోయాయంటారు, కొత్తదాంట్లో సున్నాలుంటాయి, మేం దేన్ని నమ్మాలి?" అన్నాడు. మేనేజరు గారు తల దించుకున్నారు. దీపాలు ఎప్పటిలాగే ఉంచుతామన్నారు. మాస్టారు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు. ఆయన వయసు అప్పుడు కనపడింది.

ఇప్పుడు పిట్టలు పడుతున్నాయి. మూడు రోజుల్లో పది.

మీ చెల్లి

---

స్టేషన్ వెనక ఇల్లు,
అక్టోబరు 15

చెల్లాయికి,

సంచుల పార్సిల్ అందింది. ఇక్కడ చలి మొదలైంది. మీ బావగారికి జలుబు చేసింది.

నా గురించి ఏడవకు. నిజంగా చెబుతున్నాను, ఏడవకు.

ఇంకా పడుతున్నాయా?

అక్క

---

డెంటల్ క్లినిక్,
అక్టోబరు 21

అక్కా,

నిన్న పొద్దున జరిగింది ఇంకెవరికీ రాయలేను. మీకైతే అర్థమవుతుంది.

మొన్న సాయంత్రం నుంచే పొగమంచు కమ్మింది. నేను వెళ్ళేసరికి మేడ పై సగం కనపడలేదు. మంచులోంచి దీపాల వెలుతురు మాత్రం పాలలా కారుతోంది. కాలు పెడితే ఏదో మెత్తగా తగిలింది. చూస్తే పిట్ట. పక్కన ఇంకొకటి. మెట్ల దాకా అన్నీ అవే. నేను చూస్తూ ఉండగానే పైనుంచి ఠప్, ఠప్ అని పడుతున్నాయి. సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చి తన టోపీలో రెండు పెట్టుకున్నాడు. సంచులు లేవు. మీవి తిప్పి పంపేశాను కదా. కాగితం సంచులు నాలుగే ఉన్నాయి, స్వెట్టరు విప్పి అందులో చుట్టాను, లంచ్ బాక్సులో ఒకటి పెట్టాను. మొత్తం యాభై ఎనిమిది. అందులో పదిహేడు బతికాయి. ఒక పూరేడు పిట్ట నా చేతిలో ఉండగానే పోయింది. దాని గుండె నా అరచేతిలో కొట్టుకోవడం ఆగిపోయింది.

అన్నీ రాశాను. వేళ్ళు వంకరపోయేదాకా రాశాను. రాస్తుంటే ఇంకో సంగతి దాచలేననిపించింది.

నా సున్నాలు అబద్ధం.

మొదటి రోజు, నేను వెళ్ళగానే తూర్పు మెట్ల కింద రెండు చచ్చి ఉన్నాయి. ముట్టుకోలేకపోయాను. క్లినిక్కులో రక్తం చూస్తాను, ఏమీ అనిపించదు. వాటి కాళ్ళు చూస్తే మాత్రం చేతులు ఆడలేదు. ఊడ్చే ఆవిడతో, "నేను వచ్చేలోపే అన్ని వైపులా ఊడ్చెయ్యి, నేను చూడలేను" అన్నాను. నేనే చెప్పాను. రోజూ ఊడ్చేసేది. నాకు ఏమీ కనపడేవి కావు, సున్నా వేసేదాన్ని. మీరు పదకొండు, తొమ్మిది అని రాస్తే భయమేసింది. అయినా మానలేదు. మీకంటే నేను బాగా చేస్తున్నానని మీరు అనుకుంటున్నట్టు అనిపించింది, అది నాకు నచ్చింది. సమావేశంలో ఆ యజమాని నా పుస్తకం పట్టుకుని ఊపినప్పుడు గానీ నేనేం చేశానో తెలిసిరాలేదు. 9వ తారీఖు నుంచి ఊడ్చే ఆవిడని ఆపేసి నేనే తీస్తున్నాను.

మాస్టారికి ఇంకా చెప్పలేదు. మీ పుస్తకాలే ఉండి ఉంటే నా సున్నాలు ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. నా తప్పు నేను చేశాను, వానేమో అలా చేసింది. ఇక ఎవరి మీద ఏడవను?

మీ చెల్లి

---

స్టేషన్ వెనక ఇల్లు,
అక్టోబరు 25

చెల్లాయ్,

పుస్తకాలు తడవలేదు.

కుట్టు బల్ల కింద రేకు పెట్టెలో ఉన్నాయి. ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. లారీ దారిలో వానే పడలేదు.

నీ ఉత్తరం మీ బావగారు పైకి చదివారు, నేను బొత్తాలు కుడుతున్నాను. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "పాపం, ఆ పుస్తకాలు తడవకుండా ఉంటే ఎంత బాగుండేదో" అన్నారు. ఆయన కాళ్ళు రెండూ ఆ పెట్టె మీదే ఉన్నాయి. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఆయన వెనకే వచ్చి "ఏమైంది?" అన్నారు. చెప్పాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళలో ఆయన నా వంక అలా చూడడం ఇదే మొదటిసారి. తిట్టలేదు. "పెట్టె తాళం ఎక్కడ?" అని మాత్రం అడిగారు.

ఎందుకు చేశానంటే అసూయ. ఇంకా మర్యాదైన మాట ఏదైనా దొరుకుతుందేమోనని చాలాసేపు వెతికాను, దొరకలేదు. కుర్చీ వేశారంటే కడుపు మండింది. తాళమిచ్చారంటే మండింది. నీ సున్నాలు చూసి ఎంత మండిందో నీకు తెలీదు. చావు కూడా నీ దగ్గరికి రావడానికి మొహమాటపడుతోంది అనుకున్నాను. పేపర్లో ఆ మాట చదివాక నువ్వు ఓడిపోవాలనుకున్నాను. నువ్వు ఓడితే చచ్చేది పిట్టలని తెలిసే అనుకున్నాను. ఆరేళ్ళు ఆ పని చేసినదాన్ని, నాకు తెలీక చేశానని చెప్పుకునే వీల్లేదు.

నా కోసం ఏడ్చానని నువ్వు రాసినప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆ ఉత్తరాన్ని మిషను డ్రాయర్‌లో పెట్టి మూసేశాను.

రేపు పొద్దున బండికి మీ బావగారే పుస్తకాలు తీసుకుని వస్తున్నారు. నన్ను రమ్మనలేదు, నేనూ అడగలేదు. ఈ ఉత్తరమూ ఆయన చేతికే ఇస్తున్నాను. గుడ్డసంచులు పదకొండూ ఉన్నాయి, ఈ రెండు రోజుల్లో కుట్టినవి ఇంకో ముప్ఫై ఉన్నాయి. పల్చటి గుడ్డతో కుట్టాను, బరువుండవు.

నీ సున్నాల సంగతి మాస్టారికి నేను చెప్పను. అది నీ ఇష్టం.

అక్క

---

మన పాత వీధి,
నవంబరు 5

అక్కా,

ఇన్ని రోజులు ఎందుకు రాయలేదో నీకు తెలుసు. మూడు కాగితాలు చించాను. ఇది నాలుగోది. "మీరు" అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు.

బావగారు పుస్తకాలు ఇచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా తిరుగు బండికి వెళ్ళిపోయారు. ఆ ఆరు పుస్తకాలూ ఒక్క రాత్రిలో చదివాను. నీ అక్షరాలు వాన పడ్డ రోజున కూడా వంకర పోలేదు. మూడో ఏడు ఒకచోట "ఇది నిన్నటిదాని జతేమో" అని రాసి కొట్టేశావు. ఇంత ఓపికున్న మనిషి నాకు అంత అబద్ధం ఎలా రాసిందా అనుకున్నాను. నీలం అట్టకి కూడా కథ అల్లావు. మిగతావన్నీ భద్రంగా ఉన్నాయని నీ మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు, తరవాత ఆ పుస్తకాలు తీసి చూసే పదకొండు, తొమ్మిది అన్నావు. అది నాకు అప్పుడే గుర్తొచ్చింది. నిన్ను అనుమానించడానికి సిగ్గేసి పక్కన పెట్టేశాను.

29న మళ్ళీ యజమానులు కలిశారు. మాస్టారు పుస్తకాలు బల్ల మీద వరసగా పెట్టారు. ఆ యజమానే అన్నీ తిరగేసి, "ప్రతి ఏడూ సెప్టెంబర్లో నలభై, యాభై ఉన్నాయి. ఈ ఏడు సున్నా. రెంట్లో ఒకటి దొంగలెక్క. ఏది?" అన్నాడు. మాస్టారు నా వంక చూడలేదు, నా తరఫున ఏదో చెప్పబోయారు. నేను లేచి, "నాదండీ" అన్నాను. ఊడ్పించిన సంగతంతా చెప్పాను. పేపర్లో వచ్చిన మాట కూడా తప్పేనని, ఈ పని మొదలుపెట్టింది మా అక్క అని చెప్పాను. ఆ విలేకరి అమ్మాయి "మీరే మొదలుపెట్టారా?" అని అడిగినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. కాదని ఉండాల్సింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో నేను ఏం చేసినా "పెద్దది అయితే ఇలా చేసేది" అనేవాళ్ళే. ఆ ఒక్కరోజు మొదటిదాన్ని నేనయ్యాను, బాగుంది. అసూయ నీ ఒక్కదాని సొత్తే అనుకోకు.

ఆ సాయంత్రమే దీపాలు ఆర్పమని మేనేజరు గారికి చెప్పారు. పదో అంతస్తు నుంచి పైకి రాత్రంతా చీకటే ఇప్పుడు. చుక్కల కాగితం తూర్పు వైపు ఐదంతస్తుల వరకే వేస్తామన్నారు, చలికాలంలో పని మొదలవుతుంది. దీపాలు ఆర్పాక వారంలో మూడే పడ్డాయి, అందులో రెండు బతికాయి.

మాస్టారు నా దగ్గర్నుంచి పుస్తకం తీసేసుకున్నారు. "నువ్వు తిరుగమ్మా, రాయడం ఇంకొకరు చేస్తారు" అన్నారు. మెల్లగానే అన్నారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

8న నీ పుస్తకాలు ఆ బల్ల మీద ఉండి ఉంటే 8నే దీపాలు ఆరేవి. ఆ మర్నాటి నుంచి 29 దాకా ఎన్ని చచ్చాయో నా దగ్గర లెక్క ఉంది. ఈసారి నిజం లెక్క. ఇందులో రాయడం లేదు. నువ్వు అడిగితే రాస్తాను. అడక్కపోతే ఎప్పటికీ ఎత్తను.

చెల్లి

---

స్టేషన్ వెనక ఇల్లు,
నవంబరు 9

చెల్లాయ్,

మొదటిసారి నన్ను "నువ్వు" అన్నావు. అనాల్సిందే.

మాస్టారు నీ చేతిలోంచి పుస్తకం తీసుకున్నారని చదివినప్పుడు ఒక్క క్షణం నాకు చల్లగా అనిపించింది. ఇంత జరిగాక కూడా. అది దాచి, మంచిదాన్నైపోయినట్టు రాయడం నాకిష్టం లేదు. మీ బావగారు నాతో ఇప్పుడిప్పుడే రెండు మాటలు మాట్లాడుతున్నారు.

అంతమంది ముందు లేచి నిలబడడం నా వల్ల అయ్యేది కాదు. నేను ఉత్తరంలో చెప్పాను, అదీ నీ ఒక్కదానికే. నువ్వు గదిలో చెప్పావు. ఇందులోనూ నువ్వే నాకంటే ముందున్నావు, ఏం చేస్తాం!

లెక్క రాయి.

అక్క

---

మన పాత వీధి,
నవంబరు 13

అక్కా,

నూట పన్నెండు.

రోజువారీగా వెనక కాగితం మీద రాశాను, ఏ వైపో, ఏ పిట్టో కూడా. దీపాలు ఆర్పినా వాటిలో కొన్ని చచ్చేవే. ఎన్నో నాకు తెలీదు, అందుకని ఏదీ తీసెయ్యలేదు.

ఈ ఉత్తరం నువ్వు ఎక్కడ కూర్చుని చదువుతావో ఊహించుకుంటూ రాస్తున్నాను. నిన్ను బాధపెట్టాలనే ఆ మాట ఎత్తాను, అది నిజం. ఇప్పుడు రాశాక అనుకున్నంత హాయిగా లేదు. మార్చిలో పిట్టలు తిరుగు దారి పడతాయి. వస్తానంటే స్టేషన్‌కి వస్తాను. బతిమాలను, వద్దనీ అనను.

ఇంకో సంగతి. నీకు కనీసం ఒక అంకె ఉంది. నేను సున్నాలు వేసిన ముప్ఫై నాలుగు రోజులకి అదీ లేదు. నిన్న పొద్దున మెట్ల దగ్గర ఊడ్చే ఆవిడ కనపడితే ఆపి అడిగాను.

"సెప్టెంబర్ నుంచి నేను చెప్పినన్నాళ్ళూ ఊడ్చావు కదా, ఎన్ని ఉంటాయి?"

చీపురు గోడకి ఆనించింది.

"లెక్కపెట్టలేదమ్మా. ఆకులతో పాటు ఎత్తేశాను" అంది.

చెల్లి